మేనత్త దగ్గు

న్యూజిలాండ్‌కు ఉత్తరాన నడిసముద్రంలో ఉన్న వవాఊ దీవిలోని ఆ ఊరివాళ్లకు ఒక చావు ఎంత గొప్పగా జరిగిందో చెప్పడానికి ఒకటే కొలత. లోసలీన ఎంతసేపు దగ్గింది? పందులెన్ని కోశారు, పాదిరి ఎంతసేపు ప్రార్థన చేశాడు అన్నవి తరవాతి మాటలు. చాపలు విప్పుతుండగా ఆవిడ శవం తలవైపు కూర్చుని, నల్లగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లవెంట నీళ్లు కారేలా, నడుం వంగిపోయేలా దగ్గిందంటే పోయినవాడి జన్మ ధన్యమైనట్టే. "మనమంతా కళ్లతో ఏడుస్తాం, ఆవిడ ఊపిరితో ఏడుస్తుంది" అనేవారు. అది ఏడుపు కాదు, ఉబ్బసం అని ఆవిడ ఒకటి రెండుసార్లు చెప్పబోయింది. వినయం కొద్దీ అలా అంటోందనుకున్నారు. పొగడ్త ఎవరికి చేదు గనక? తరవాత ఆవిడా చెప్పడం మానేసింది.

లోసలీన ఆ వంశానికి పెద్దాడపడుచు. అక్కడ ఆడపడుచు ముందు అన్నదమ్ములు నోరెత్తరు. అన్నదమ్ముల పిల్లలకైతే మేనత్త మాట దాటడమనే ఊహే రాదు. తమ్ముడు సెమిసికి యాభై అయిదేళ్లు. చర్చిలో లేచి మాట్లాడితే ఊరంతా వింటుంది. అలాంటివాడు అదే పెరట్లో ఉన్న అక్క ఇంటి గడప కూడా దాటడు. దాటకూడదు. ఏం చెప్పాలన్నా గోడ అవతల నిలబడి చెప్పాల్సిందే. అతని భార్య ఫానె ఏ చావుకు వెళ్లినా, తమ్ముడి పెళ్లాం కాబట్టి, వంటశాలలో పొగ మింగుతూ ఉండేది. లోసలీన ముందుగదిలో కూర్చుని చాపలు అందుకునేది. ఇరవై మూడేళ్లుగా వాళ్లిద్దరి మధ్య ఎంత ప్రేమ ఉండి ఉంటుందో చెప్పనక్కరలేదు.

చాప అనగానే వంటింట్లో పీటకు బదులు పరిచేదనుకోకండి. ఒక్కో ఆడమనిషి కళ్లు పోగొట్టుకుని ఏళ్ల తరబడి అల్లిన చాపలవి, చేత్తో తాకితే పాత పట్టుబట్టలా మెత్తగా ఉంటాయి. పెళ్లికీ చావుకీ అవే చేతులు మారతాయి. వంశం పరువు ఎంత అంటే అన్ని చాపలన్నమాట. వాటిని బీరువాలో పెట్టరు, పరుపు కింద పరుస్తారు. మనిషి బరువుకు ముడత పడవు, దొంగ ఎత్తుకుపోవాలంటే ముందు మనిషిని ఎత్తాలి. లోసలీన పరుపు కింద అలాంటివి పద్దెనిమిది ఉన్నాయి. మంచం ఎక్కడానికి ఆవిడ చెక్కపీట వేసుకునేది. రోజూ వంశప్రతిష్ఠ మీద వీపు ఆనించి నిద్రపోవడం ఎంతమందికి దొరుకుతుంది?

పద్దెనిమిదింటిలోనూ అడుగున ఉన్నదానికి పేరుంది. 'ఎండెరుగనిది' అంటారు. ఏడు తరాల కిందటిది. ఇంట్లో ఎవరైనా పోతే, శవంతో పాటు శ్మశానం గట్టు దాకా వెళ్లి, మళ్లీ మడతపడి మంచం కిందికి వచ్చేది. నీళ్లు తగలనిచ్చేవారు కాదు. శవం లేకుండా దాన్ని ఎండలోకి తెస్తే శవాన్ని పిలిచినట్టేనని ఆ వంశం నమ్మకం.

లోసలీనకు ముందు ఆ మంచం ఎక్కింది ఆవిడ మేనత్త కలోలైనె. ముప్పై ఏళ్లు దగ్గి, దగ్గుతూనే పోయింది. అప్పుడు లోసలీనకు నలభై, విధవరాలు. చిన్నప్పటి నుంచి ఉబ్బసం ఉన్నా వానల్లో కాస్త పిల్లికూత, అంతే. మంచమెక్కిన రెండేళ్లకు అచ్చం కలోలైనె దగ్గే దిగింది. ఆ గీర, ఆ లాగుడు, ఆఖరున ఆ మూలుగు, ఒక్కటీ తేడా లేదు. చుట్టాలంతా సంతోషించారు. హోదా సరైన మనిషికే వచ్చిందనడానికి ఇంకేం సాక్ష్యం కావాలి? చాపలతో పాటు దగ్గూ వారసత్వంగా వస్తుందని అప్పటికే అందరికీ తెలుసు.

దగ్గు పరువుగా ఉన్నంతకాలం బాగానే ఉంది. యాభై అయిదు దాటాక మంచం ఎక్కడమే కష్టమైంది. పీట మీద ఒక కాలు, మంచం మీద ఒక కాలు పెట్టి ఆగి, రొప్పు తగ్గాక రెండో కాలు లాక్కునేది. ఎక్స్‌రే తీస్తే మచ్చ కనిపించింది. ఎవరో వచ్చిపోయే డాక్టరు క్షయ అన్నాడు. ఆర్నెల్లు గుప్పెడేసి మాత్రలు మింగింది. మచ్చ పోయింది, దగ్గు పోలేదు. మూడేళ్లకు ఇంకో మచ్చ, ఇంకో డాక్టరు, మళ్లీ ఆర్నెల్ల మాత్రలు. కఫంలో క్షయ పురుగు ఒక్కసారి కూడా దొరకలేదు. దొరక్కపోవడం క్షయ జిత్తులమారితనమన్నారు.

ఆ తరవాత వచ్చింది డాక్టర్ తెలేసియా. ముప్పై రెండేళ్ల పిల్ల. వీళ్ల జాతే, కానీ ఆక్లండ్‌లో పుట్టి పెరిగింది. నేల మీద కూర్చుంటే మోకాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. పాతవి రెండు, తను తీయించింది ఒకటి, మూడు ఎక్స్‌రేలూ కిటికీకి ఆనించి చాలాసేపు చూసింది.

"అమ్మా, ఈ మూడూ మీవేనా?"

"నావే. మొహం లేదని అనుమానమా?"

"మచ్చ ఒక దాంట్లో పైన, ఒక దాంట్లో కింద, ఇందులో అసలు అటుపక్క. క్షయ ఇలా ఇళ్లు మారదండీ. కఫం ఎలా పడుతుంది?"

లోసలీన రుమాలు విప్పి చూపించింది. గోధుమరంగు ముక్క, తడిసిన కొబ్బరిపీచు ఉండలా ఉంది. డాక్టరు మొహం విప్పారింది. ఇంత రోత వస్తువు చూసి ఇంత ఆనందపడిన మనిషిని లోసలీన జన్మలో చూడలేదు.

ఒంటికి ఏది పడదో తేల్చడానికి ముంజేతి మీద రకరకాల చుక్కలు వేసి సూదితో గీరింది డాక్టరు. పావుగంటలో ఒక చుక్క దగ్గర గట్టులా లేచింది. పడవెక్కించి పెద్ద దీవికి పంపి ఛాతీ స్కాన్ తీయించింది. ఊపిరి గొట్టాలు సాగిపోయి, చిక్కటి కఫంతో పూడిపోయి ఉన్నాయి. రక్తం న్యూజిలాండ్‌కు పంపింది. లోసలీన ఎన్నడూ ఎక్కని విమానం ఆవిడ రక్తం ఎక్కింది. మూడు వారాలకు లెక్క వచ్చింది.

"పడనిదాని మీద ఒళ్లు ఎంత కోపంగా ఉందో చెప్పే పరీక్ష ఇది. మామూలు మనిషికి నూరు లోపు ఉంటుంది. మీకు నాలుగువేల ఎనిమిది వందలు" అంది డాక్టరు.

"మరి మా వంశమంటే ఏమనుకున్నావు" అంది లోసలీన.

"ఇది ఎక్కువ ఉండకూడదమ్మా. గాలిలో బూజు గింజలుంటాయి, కంటికి కనపడనివి. అందరం పీలుస్తాం, ఒళ్లు దులిపేసుకుంటుంది. ఉబ్బసం ఉన్నవాళ్లలో కొందరికి అవి పడవు. కఫంలో చతికిలబడి మొలుస్తాయి. మీ ఒళ్లు వాటి మీద యుద్ధానికి పోయి, వాటినేం చేయలేక, సొంత గొట్టాలే పాడుచేసుకుంటోంది."

"అంటే నా రొమ్ములో బూజు పట్టిందంటావు."

"ఒకరకంగా అంతే."

"మా అమ్మ బతికుంటే నీకు చీపురు తిరగేసేది, తల్లీ. తెల్లారకముందే వాకిలి ఊడ్చే ఇల్లు మాది."

డాక్టరు నవ్వలేదు. కాగితం తీసి ఒక్కొక్కటే అడిగింది. గోడలు చెమ్మగా ఉంటాయా? ఎరువుకుప్ప ఉందా? కోళ్లగూడు పడగ్గదికి దగ్గరా? కొబ్బరి ఎండబెడతారా? ఇంట్లో బూజుపట్టిన సామానేదైనా ఉందా? అన్నిటికీ లేదనే చెప్పింది లోసలీన. అబద్ధం కాదు. మనసులోనే ఇల్లంతా తిరిగి చూసుకుంది. కుండలు, తెరలు, నీళ్లతొట్టి అడుగు, దీపం వెనక గోడ. తన కింద మాత్రం చూసుకోలేదు. సామాను అని అడిగితే చాపలు ఎవరికి గుర్తొస్తాయి?

ముందు కడుపులో పురుగుల మందు ఇచ్చింది డాక్టరు. ఒంటి కోపం తగ్గించే స్టెరాయిడ్ మాత్రలు పడితే నిద్రపోతున్న పురుగులు లేచి ఒళ్లంతా తిరుగుతాయట. ఆ తరవాత మాత్రలు మొదలు. రోజుకిన్ని, రెండు వారాలకోసారి కాస్త తగ్గించాలి, మంచిగా ఉందని మధ్యలో ఆపకూడదు. పది రోజుల్లో లోసలీన వెల్లకిలా పడుకుని నిద్రపోయింది. ఎన్నేళ్లయిందో అలా పడుకుని. రెండు నెలలకు ఆ నాలుగువేల చిల్లర సగానికి దిగింది. మొహం గుండ్రంగా ఉబ్బింది, ఆకలి ముందుకొచ్చింది. డాక్టరు చక్కెర పరీక్ష చేస్తూ బెంగపడుతుంటే, ఊళ్లోవాళ్లు "ఈమధ్య కళ వచ్చింది నీకు" అని మెచ్చుకున్నారు.

అంతా బాగుందనుకునే సరికి పినతండ్రి ఎపెలి పోయాడు.

లోసలీన శవం తలవైపు కూర్చుంది. చాపలు విప్పారు. జనం ఎదురుచూశారు. ఇంకో చాప విప్పారు. ఆవిడ కన్నీళ్లు పెట్టుకుంది గానీ దగ్గలేదు. పాటపాడుతున్నవాళ్లు ఒక చరణం ఎక్కువ పాడారు, ఆవిడకు వీలివ్వడానికన్నట్టు. వంటశాల నుంచి ఫానె గరిటెతో సహా వచ్చి గుమ్మంలో నిలబడింది.

"వదినగారికి ఆయనంటే మొదటినుంచీ అంతంతమాత్రమే లెండి" అంది పక్కావిడతో, అందరికీ వినపడేంత గుసగుసగా.

లోసలీనకు చెంపలు మండాయి. నల్లగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని దగ్గింది. మొదటిది తేలిపోయింది. రెండోది కాస్త కుదిరింది. మూడోదానికి కలోలైనెను తలుచుకుని ఆ గీర, ఆ లాగుడు, ఆ మూలుగు అన్నీ పెట్టింది. గదిలో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఎపెలి సుఖంగా వెళ్లిపోయాడు. ఇరవై ఏళ్లకు పైగా నిజంగా దగ్గి సంపాదించుకున్న పేరు దొంగదగ్గుతో నిలబెట్టుకోవాల్సి వచ్చిందని ఇంటికెళ్లి నవ్వుకుంది లోసలీన. తరవాత ఏడుపొచ్చింది.

దొంగదగ్గు ఎన్నాళ్లో అవసరం పడలేదు. మాత్రలు చివరికి వచ్చేసరికి అసలుదే తిరిగొచ్చింది. లెక్క మళ్లీ నాలుగువేలు దాటింది. డాక్టరుకు అర్థం కాలేదు. మాత్రలు సరిగ్గా మింగింది, తడిగోడ లేదు, ఎరువు లేదు. మరి ఎక్కడినుంచి వస్తోంది? బూజును చంపే గొట్టం మాత్రలు న్యూజిలాండ్ నుంచి తెప్పించి, ఊరి దవాఖానాకు వచ్చిన రోజున తనే స్వయంగా ఇంటికి తెచ్చిచ్చింది.

"ఇవి తిండితో పాటే వేసుకోవాలి. కోలా తాగితే ఇంకా బాగా పడతాయి."

"డాక్టరై ఉండి కోలా తాగమన్నది నువ్వొక్కదానివే" అంటూ లోసలీన ఆవిడకు చేమాకుల్లో చుట్టి కొబ్బరిపాలతో ఉడికించిన మాంసం పెట్టింది. నేల మీద మోకాళ్లతో అవస్థ పడుతుంటే చూడలేక, "లేచి మంచం మీద కూర్చో తల్లీ" అంది.

డాక్టరు మంచం చూసింది. పీట చూసింది.

"ఇంత ఎత్తెందుకమ్మా?"

లోసలీనకు ఆ ప్రశ్న ఎవరైనా అడుగుతారా అని ఇరవై మూడేళ్లుగా ఉన్నట్టుంది. ఆ ఊళ్లో ఎవరూ అడగరు, అందరికీ తెలుసు. పరుపు అంచు పట్టుకుని గర్వంగా ఎత్తింది. పద్దెనిమిది మడతలు, వాటి అంచుల వెంబడి మెత్తటి బూడిదరంగు నూగు. ఒక వాసన లేచింది. డాక్టరు రెండడుగులు వెనక్కి వేసి గుమ్మం పట్టుకుంది.

"ఇంట్లో బూజుపట్టిందేదైనా ఉందా అని అడిగానమ్మా నేను."

"నువ్వు సామాను గురించి అడిగావు. ఇది సంపద" అంది లోసలీన.

డాక్టరు మర్యాదగానే, కానీ ఖచ్చితంగా చెప్పింది. ఈ జబ్బు పూర్తిగా పోదు, అదుపులో పెట్టుకోవాలి. ఈ మంచం మీద పడుకుని అదుపు చేయడం మాత్రం ఎవరి తరమూ కాదు. చాపలు గదిలోంచి పోవాలి. నీడలో కాదు, మండుటెండలో ఆరబెట్టాలి. దులిపేటప్పుడు మీరు దగ్గర ఉండకూడదు.

"అవి నా కింద లేకపోతే నేనెవరిని, తల్లీ" అంది లోసలీన. వేళాకోళం కాదు.

ఆ సాయంత్రమే ఇంటివాళ్లు సమావేశమయ్యారు. లోసలీన, ఫానె, ఫానె కూతురు పిసిలా లోపల. సెమిసి గోడ అవతల అరటిచెట్టు పక్కన.

"అక్కా, డాక్టరమ్మ చిన్నపిల్ల. ఎండెరుగనిదాన్ని శవం లేకుండా బయటికి తీయమంటుందా? చావును కబురుపెట్టి పిలవడమే కదా" అన్నాడు గోడకు.

"నేను చావడానికి దాన్ని బయటికి తీయక్కర్లేదురా. లోపలున్నా చాలునట."

"వదినగారు అంత కష్టపడటం ఎందుకు? నాలుగు రోజులు మా గదిలో పెడితే సరి. నేను కంటికి రెప్పలా చూసుకుంటాను" అంది ఫానె, నేల వైపు చూస్తూ.

"నా ఊపిరి పోయినా సరే గానీ నీ నడుం కింద మాత్రం ఉండవు."

అంతవరకు నోరు మెదపని పిసిలా లేచింది. ఇరవై ఏడేళ్ల పిల్ల, బళ్లో లెక్కలు చెబుతుంది. సెమిసికి ఒక్కతే కూతురు, తరవాత మేనత్త కావాల్సింది ఆమే.

"ఎలాగూ రేపు నావే కదత్తా. ఇవాళే నేను పడుకుంటా వాటి మీద. నువ్వు నా గదికి వెళ్లు."

అని ఆగకుండా పరుపెత్తి పైచాప లాగింది. నూగు లేచింది. పిసిలా దగ్గింది. ఒకటి, రెండు. ఆ తరవాత ఊపిరి లోపలికి వెళ్తూ సన్నగా ఈల వేసింది. జేబులోంచి పీల్చే మందు తీసి రెండుసార్లు పీల్చింది. ఆ పిల్లకు చిన్నప్పటినుంచీ వానల్లో కాస్త పిల్లికూత ఉందని అందరికీ తెలుసు. అంతే అనుకున్నారు.

ఫానె కళ్లు మెరిశాయి. "విన్నారా? దిగేసింది. మేనత్త దగ్గు అప్పుడే నా బిడ్డకు దిగేసింది" అంది. ఇరవై మూడేళ్లు వంటశాలలో పొగ మింగిన తల్లి గర్వం అది, కాదనలేం.

లోసలీన మాత్రం ఆ ఈల వింది. మంచమెక్కిన కొత్తలో తన రొమ్ములో మొదలైన ఈల అది. కలోలైనె చివరి రాత్రుళ్లు తలుపు అవతలినుంచి వినపడింది కూడా అదే. ఇన్నాళ్లూ తను ఈ పిల్లకు దాచిపెడుతున్నది ఏమిటో అప్పుడు తెలిసింది.

మర్నాడు పిసిలాను వెంటబెట్టుకుని వెళ్లి డాక్టరు చేత ముంజేయి గీరించింది. బూజు చుక్క దగ్గరే గట్టులా లేచింది. "ఇంకా జబ్బు కాదు. గడప దాకా వచ్చి నిలబడింది" అంది డాక్టరు. లోసలీన ఇంటికొచ్చి గోడకు చెయ్యి ఆనించి తమ్ముణ్ణి పిలిచింది.

"సెమిసీ. శవం ఉంటే ఎండెరుగనిది బయటికి రావచ్చు కదా?"

"రావచ్చక్కా."

"అయితే శనివారం పొద్దున నేను పోతున్నాను. పంది చూడు."

సెమిసి గోడకు దగ్గరగా వచ్చాడు. "అక్కా, అలా మాట్లాడకు" అన్నాడు.

"నీ కూతురి మేనత్త మాట ఇది. కాదంటావా?"

సెమిసి పంది చూడటానికి వెళ్లాడు.

శనివారం ఊరంతా నల్లబట్టల్లో వచ్చింది. బతికున్న మనిషి చావుకు ఎలా రావాలో తెలియక, మామూలు చావుకు వచ్చినట్టే వచ్చారు. లోసలీన నూగు తన మీదికి రాకుండా గాలికి ఎదురువైపున, పనసచెట్టు నీడలో, కొత్త చాప మీద చేతులు కట్టుకుని పడుకుంది. పాదిరి రానన్నాడు గానీ భోజనానికి వస్తానన్నాడు. డాక్టరు పంపిన ముక్కుగుడ్డలు కట్టుకుని ఆడవాళ్లు చాపలు మోసుకొచ్చారు. ఒక్కొక్కటీ తీగ మీద ఆరేస్తుంటే ముసలమ్మలు మెల్లగా పాట ఎత్తుకున్నారు, వేరే ఏం చేయాలో తోచక.

ఆఖరున ఎండెరుగనిది వచ్చింది. దాన్ని పూర్తిగా విప్పగా చూసినవాళ్లు అక్కడ లేరు. చావుల్లో సగం మడతే తీసేవారు. నలుగురు నాలుగు మూలలు పట్టుకుని ఎండకు ఎత్తారు.

అంచుల్లో అల్లిక ఇంకా బంగారంలా ఉంది. నడిమధ్యన నల్లటి మచ్చ, మనిషంత ఉంది. పక్కకు తిరిగి, మోకాళ్లు ముడుచుకుని పడుకున్న మనిషి. ఏడుగురు మేనత్తలు ఒకే చోట పడుకుని, ఒకే చెమట దింపి, ఒకే బూజు పెంచిన జాడ అది. రొమ్ము ఆనే చోట అల్లికే లేదు. అక్కడినుంచి ఎండ ఇవతలికి వస్తోంది.

పాట ఆగిపోయింది. అందరికంటే ముందు కదిలింది ఫానె. చాప మూల పట్టుకోబోతున్న కూతురి రెక్క పట్టి లాగి, గాలికి ఎదురువైపుకు, పనసచెట్టు దాకా లాక్కొచ్చి తన వెనక నిలబెట్టుకుంది. వదినగారి వైపు చూసింది. లోసలీన కూడా ఆమెను చూసింది. ఆ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు అంతసేపు చూసుకోవడం అదే మొదలు.

"పోయేవాళ్ల మాట కొట్టేయకూడదు కాబట్టి చెబుతున్నా, వినండి" అంది లోసలీన పడుకునే. "చాపలు ఇంకమీద తమ్ముడి కొట్టంలో, గాలి తగిలేలా దండెం మీద ఉంటాయి. తాళంచెవి పిసిలాది. నెలకోసారి ఎండకు వేయడం ఫానె పని. నా తరవాత ఏ మేనత్తా వాటి మీద పడుకోకూడదు."

జనంలోంచి ఒక ముసలాయన గొంతు సవరించుకున్నాడు. ఆయనకు ఎనభై ఆరు, తన వంతు ఎంతో దూరం లేదని లెక్కలు వేసుకుంటున్నవాడు. "అంతా బాగానే ఉందమ్మా. మరి రేపు మా చావులకు దగ్గేదెవరు?"

"ఎవరూ దగ్గరు, తాతా. దగ్గు నాది. నాతో పాటు పాతిపెట్టేయండి."

ఆయన మొహం ముడుచుకుని వెళ్లి నీడలో కూర్చున్నాడు. పంది ఉడికిందన్న కబురు వచ్చింది. శవం లేచి కూర్చుంది. ఆనవాయితీ ప్రకారం మొదటి వడ్డన పెద్దాడపడుచుకే. పిసిలా ఆకు తెచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, మేనత్త ముందు వంగి పెట్టింది, పక్కనే బూజుమాత్ర, కోలాసీసా. లోసలీన ఆకు వైపు చూడలేదు. ఆ పిల్ల రొమ్ముకు చెవి దగ్గరగా పెట్టి వింది. ఊపిరి లోపలికి వెళ్లింది, బయటికి వచ్చింది. ఈల లేదు.

ఆ రోజు లోసలీన అందరిలాగే కళ్లతో ఏడ్చింది.